కండ కూడగట్టుకున్న మూడు వారాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో మాకు ఒక చిన్న లేడీస్ హాస్టల్ ఉంది. మూడంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకుని, కింద రెండు గదుల్లో నేనూ మా ఆయనా ఉంటూ, పైన నలభై మంది ఆడపిల్లలకు వండి పెడుతున్నాం. నల్గొండ జిల్లా నుంచి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. వంట నాది. కూరగాయల మార్కెట్టు, గ్యాసు, నీళ్ల ట్యాంకరు ఆయనవి.

నాకు యాభై రెండేళ్లప్పుడు, ఒక ఎండాకాలం పొద్దున అన్నం గంజు పొయ్యి మీంచి దించబోతే చేతులు లేవలేదు. నొప్పేమీ లేదు, బలమే లేదు. మా ఆయన వచ్చి దించాడు. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను. జాకెట్లు వదులైతే రెండిటికి కుట్లు వేసుకున్నాను. "ఆంటీ, మంచిగ సన్నబడ్డరు" అని పిల్లలంటే లోలోపల సంతోషపడ్డాను కూడా. విరేచనంలో అప్పుడప్పుడు రక్తం కనబడేది. మొలలు అనుకుని ఎవరికీ చెప్పలేదు. తింటే కడుపు బరువుగా ఉంటోందని, అందరూ తిన్నాక నిలబడే ఇంత మజ్జిగన్నం కలుపుకుని తినేసేదాన్ని.

ఒకరోజు మూడో అంతస్తుకు దుప్పట్లు తీసుకెళ్తూ మెట్ల మధ్యలో కూలబడ్డాను. పైకీ పోలేను, కిందికీ రాలేను. మా ఆయన వచ్చి పక్కన కూర్చుని, "ఏమైతుందో నిజం జెప్పు" అన్నాడు. రక్తం సంగతి అప్పుడు చెప్పాను. ఒక్క మాట కోప్పడలేదు. మరునాడు పొద్దున్నే ఎల్బీనగర్ వైపు ఒక దవాఖానకు తీసుకెళ్లాడు. గొట్టం వేసి చూశారు, ముక్క తీసి పరీక్షకు పంపారు, స్కానింగ్ చేశారు. పెద్దపేగులో ఎడమవైపు గడ్డ. క్యాన్సరే.

సర్జన్‌కు దాదాపు నా వయసే ఉంటుంది. మాట తీరు చూస్తే కోస్తా మనిషి. రేపే ఆపరేషన్ అంటాడేమోనని గుండె దిటవు చేసుకుని కూర్చున్నాను. ఆయన స్కానింగ్ బొమ్మ ఉన్న తెర మా వైపు తిప్పాడు. గడ్డ చూపిస్తాడనుకుంటే, వెన్నెముకకు అటూ ఇటూ ఉన్న కండ చూపించాడు. ఈ వయసు మనిషికి ఉండాల్సిన దానికంటే చాలా పలచగా ఉందట. ఇలాంటి గడ్డ ఉన్నప్పుడు ఒంట్లో కండ కరగడం మామూలేనని, తిండి తగ్గితే ఇంకా త్వరగా కరుగుతుందని చెప్పాడు. కండ లేని ఒంటికి కోత మానడం కష్టం, చీము పట్టే భయం ఎక్కువ, తర్వాత ఇచ్చే మందులూ తట్టుకోలేదు. పేగుదారి మూసుకుపోలేదు కాబట్టి మూడు వారాలు ఆగి, బలం తెచ్చుకున్నాక కోద్దామన్నాడు. ఈలోగా కడుపు ఉబ్బినా, వాంతులైనా, విరేచనం ఆగినా వెంటనే పరుగెత్తుకు రమ్మన్నాడు.

"అమ్మా, గడ్డ సంగతి నేను చూసుకుంటాను. కండ సంగతి మీరు చూసుకోవాలి" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చింది. రోగం వచ్చిందని తెలిసినప్పటి నుంచి నేను చేయగల పని ఒకటి ఉందని చెప్పినవాడు ఆయనొక్కడే.

పక్క గదిలో ఫిజియోథెరపీ అమ్మాయి కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేచి కూర్చోమంది. అర నిమిషంలో ఆరుసార్లు లేచాను. ఏడోసారికి కాళ్లు వణికాయి. రోజుకు మూడుసార్లు ఇదే చేయాలంది. నడవాలి. పూటపూటకూ గుడ్డో, పప్పో, పెరుగో, చేపో ఉండాలి.

ఇంటికి వచ్చేసరికి మా వదిన, అంటే మా ఆయన అక్క, చంపాపేట్ నుంచి సంచీతో సహా దిగి ఉంది. భర్త పోయినప్పటి నుంచి ఆమె అక్కడ ఒక్కతే ఉంటోంది. వచ్చీ రాగానే వంటింటిని చేతిలోకి తీసుకుంది, నన్ను మంచం ఎక్కించింది. కడుపులో పుండుంటే గుడ్డు, మాంసం పనికిరావని, జావే మందని ఆమె గట్టి నమ్మకం. పెద్దదానికి ఎదురు చెప్పలేక రెండు రోజులు జావ తాగి పడుకున్నాను.

మూడో రోజు ఫిజియోథెరపీ అమ్మాయి ఫోన్ చేసి ఏం తిన్నారు, ఎన్నిసార్లు లేచారు అని అడిగింది. చెప్పడానికి ఏమీ లేదు. సిగ్గేసింది. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి, గిన్నెలో రెండు గుడ్లు వేసి పొయ్యి వెలిగించాను. వదిన వచ్చి గిన్నె దించేసింది.

"గీ టైంల గుడ్లేంది? పానం మీదికి తెచ్చుకుంటవా?" అంది.

"వదినా, డాక్టర్ తినుమన్నడు. నేను తింట. నువ్వు వద్దన్నా తింట" అన్నాను. పెళ్లయినప్పటి నుంచి ఆమెతో నేను అలా మాట్లాడింది అదే మొదటిసారి.

ఆమె గిన్నె పట్టుకునే నిలబడింది. మెల్లగా అంది: "మా ఇంటాయనకు గూడ పొట్టల గడ్డనే. ఆర్నెల్లు జావనే పోసిన. ఏం తినకుంట జూసుకున్న. ఆఖరికి బొక్కలే మిగిలినయ్." ఆ మాట అంటూనే ఆమె ముఖం మారిపోయింది. గిన్నె గట్టు మీద పెట్టి, గోడకు ఆనుకుని కింద కూర్చుంది. నేను గిన్నె మళ్లీ పొయ్యి మీద పెట్టి గుడ్లు ఉడకబెట్టుకుని, ఆమె ఎదురుగానే కూర్చుని రెండూ తిన్నాను.

రెండు రోజుల తర్వాత రక్తం పెరగడానికి ఐరన్ ఎక్కించుకోవడానికి వెళ్తుంటే వదిన తానూ వస్తానంది. సర్జన్ గదిలో నా సంగతి అయిపోయాక, కొంగు సర్దుకుని సూటిగా అడిగింది. "సారూ, మా ఆయనకు నేను పెట్టి ఉంటే బతుకుతుండెనా?"

ఆయన చేతిలో పెన్ను పక్కన పెట్టాడు. "అమ్మా, ఆ జబ్బే కండను తినేస్తుంది. కొందరికి ఎంత పెట్టినా నిలవదు. ఆయన బతికేవారో లేదో ఎవరూ చెప్పలేరు. మీరు తెలిసి చేసిన తప్పు ఇందులో ఏమీ లేదు."

వదిన ఏడవలేదు. దారిలో ఆటో ఆపించి ఒక ట్రే గుడ్లు కొంది.

ఆ రోజు నుంచి పొద్దున్నే సరూర్‌నగర్ చెరువు గట్టుకు నన్ను నడిపించేది ఆమే. మొదట్లో కొంచెం దూరానికే ఆయాసం వచ్చేది. కూర్చునేదాన్ని, లేచేదాన్ని, మళ్లీ నడిచేదాన్ని. ఇంట్లో కుర్చీ ముందు నిలబడి ఎన్నిసార్లు లేచానో పైకే లెక్కపెడుతూ, ఆగితే "ఇంకొకటి" అనేది. నిజానికి నడక కంటే తిండే కష్టమైంది. ముద్ద నోట్లో పెడితే వికారం. ఆకలి కోసం ఎదురుచూస్తే పనికాదని, రెండు గంటలకోసారి ఏదో ఒకటి తినడం హాస్టల్ పనుల్లో ఒక పనిగా పెట్టుకున్నాను. వదిన, మా ఆయన కలిసి నలభై మందికి వండారు. ఆయన తరిగిన బెండకాయ ముక్కలు చూసి పిల్లలు నవ్వుకున్నారు.

మూడు వారాల తర్వాత అదే కుర్చీలోంచి పదకొండుసార్లు లేచాను. సర్జన్ తల ఊపి ఆపరేషన్ తేదీ రాశాడు.

కోసిన మరునాడే నన్ను లేపి నిలబెట్టారు. కుట్ల దగ్గర నిప్పు పెట్టినట్టయింది. కిటికీ దాకా వెళ్లి వచ్చాను. సాయంత్రం అడగకుండానే మళ్లీ లేచాను. పేగు అతుకు బాగా పట్టింది, కోత చీము పట్టలేదు. వారం తిరక్కముందే ఇంటికొచ్చాను.

అంతటితో అయిపోలేదు. తర్వాత ఎక్కించిన మందులకు నోరంతా ఇనుము రుచి, వేళ్లు తిమ్మిర్లు. కష్టపడి కూడగట్టుకున్న కండలో సగం మళ్లీ కరిగిపోయింది. డాక్టర్లు మోతాదు తగ్గించాల్సి వచ్చింది. ఒకరోజు నేనిక వెళ్లనని మొండికేసి ఏడ్చాను. మా ఆయన బతిమాలలేదు, పోట్లాడలేదు. నా చెప్పులు గుమ్మం ముందు పెట్టి ఆటోలో కూర్చున్నాడు. కాసేపటికి నేనే వెళ్లి ఎక్కాను. మందులు అయిపోయాక కుర్చీ ముందు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఐదుసార్లతో.

ఇప్పటికి రెండేళ్లయింది. మొన్నటి స్కానింగ్‌లో గడ్డ జాడ లేదన్నారు. పూర్తిగా నయమైందని మాత్రం అనలేదు. ఇంకా కొన్నేళ్లు చూస్తూ ఉండాలట. చూపించుకుంటాను. భయం ఉంది, అయినా కుర్చీ ముందు నిలబడడం మానలేదు.

వదిన చంపాపేట్ ఇల్లు ఖాళీ చేసి మాతోనే ఉండిపోయింది. నిన్న ఆమె పాత పొరుగింటావిడ ఫోన్ చేసింది. భర్తకు పేగు ఆపరేషన్ చెప్పారట, ఏం పత్యం పెట్టాలని అడిగింది.

"పత్తెం సంగతి తర్వాత" అంది వదిన. "మనిషికి కండ ఎంతున్నదో ముందుగాల డాక్టర్‌ను అడుగు. అడుగనీకి నీకు ఇబ్బందైతే నేనొస్త నీతోని."

ఈ పొద్దున వంట నాకు వదిలేసి, ఇస్త్రీ చీర కట్టుకుని చంపాపేట్ బస్సెక్కింది.