పక్కింటి చల్లదనం

మత్తిగిరిలో ఉన్నన్నాళ్లూ నా దృష్టిలో ఫ్యాను అంటే దోమల్ని తోలే వస్తువు. ఎండాకాలంలో కూడా తెల్లవారుజామున దుప్పటి కావాలి మాకు. మా ఆయనకు సామల్పట్టి పక్కనున్న బడికి బదిలీ అయినప్పుడు, జిల్లా ఒకటే కదా, ఎండ మాత్రం వేరుగా ఉంటుందా అనుకున్నాను. అద్దెకు దిగింది కొత్త డాబా ఇల్లు. మధ్యాహ్నానికి గోడ మీద చేయి పెడితే చురుక్కుమనేది. కొళాయి తిప్పితే వేన్నీళ్లు వచ్చేవి.

పక్కిల్లు పాత పెంకుటిల్లు. మందమైన మట్టి గోడలు. ఆ ఇంటావిడకు యాభై దాటి ఉంటాయి. భర్త ఎప్పుడూ పొలం మీదే ఉంటాడు, పిల్లలు లేరు. ఎండ ఎక్కకముందే ఆమె వాకిట్లో నీళ్లు చల్లి, కిటికీకి తడి గోనె కట్టేది. లోపల అడుగు పెడితే చల్లటి కుండ పక్కన కూర్చున్నట్టుండేది. ఈ సంగతి మాలో మొదట కనిపెట్టింది మా ఐదేళ్ల కూతురు. మధ్యాహ్నం అన్నం తినడం ఆలస్యం, చాప చంకన పెట్టుకుని ఆ ఇంటికి పరుగు.

మొదట్లో సరేననుకున్నాను. తర్వాత చూస్తే, నిద్ర లేచాక జడ కూడా అక్కడే వేయించుకుని వస్తోంది. "పెద్దమ్మ అట్ల చెప్పింది, పెద్దమ్మ ఇట్ల చేసింది" అని రోజంతా అదే పాట. నాకు కడుపు మండిపోయింది. కన్నది నేను, పొయ్యి దగ్గర చెమటలు కారుస్తూ వండి పెట్టేది నేను, పక్కన పడుకోవడానికి మాత్రం ఆమె కావాలి! ఆమె ఇంటి మీద, ఆమె గోడల మీద, చెమట పట్టని ఆమె నుదుటి మీద కూడా కళ్లల్లో నిప్పులు పోసుకున్నాను. "పోనీలే, పిల్లయినా హాయిగా నిద్రపోతోంది కదా" అన్న మా ఆయనతో ఆ పూట మాట్లాడలేదు.

పంతం పట్టి కూలర్ కొనిపించాను. పిల్లను బయటికి పోనివ్వకుండా గది తలుపులూ కిటికీలూ అన్నీ బిగించాను. బయటి గాలి లోపలికి రాకుండా మూయడమే కదా మత్తిగిరి వాళ్లకు తెలిసిన విద్య. కూలర్ హోరుమంది. కాసేపు బాగానే ఉంది. తర్వాత గది ఇడ్లీ పాత్ర అయిపోయింది. పరుపంతా తేమ, ఒళ్లంతా జిగురు. పిల్ల ఏడుపు లంకించుకుంది. అది విని పక్కింటావిడే వచ్చి తలుపు తట్టింది.

"ఏమ్మా ఇది, అన్నీ మూసేస్తే లోపలి తడి గాలి యాడికి పోతాది? ఆ కిటికీ తెరిచి పెట్టమ్మా" అంది. నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, తిట్టుకోవడానికి నాకొక సాకు దొరికేది. పిల్ల ఆమె కొంగు పట్టుకుని వెళ్లిపోయింది.

కిటికీ తెరిచాక గది నిజంగానే చల్లబడింది. ఇంక నా పిల్లను నేను తెచ్చుకుంటానని విసురుగా ఆ ఇంటికి వెళ్లాను. పిల్ల చాప మీద పడుకుని కాళ్లు తన్నుకుంటోంది. ఆమె ఒక పాత చీర పట్టుకుని వంగి ఉంది.

"అట్ల కాదు పెద్దమ్మా, మా అమ్మ మాదిరి కప్పు" అంటోంది పిల్ల.

నన్ను చూసి ఆమె లేచింది. "దినమూ ఇదేనమ్మా. ఈడ చల్లగా ఉంటాది, కప్పుకోవచ్చు అని వస్తాది. మీ ఊర్లో నువ్వు కప్పేదానివంట కదా. నేను ఎన్ని మాదిర్లు కప్పినాను, ఒకటీ ఒప్పుకోలేదు. ఎట్ల కప్పుతావో చూపించమ్మా."

సామల్పట్టికి వచ్చాక నేను పిల్లకు దుప్పటి కప్పిన గుర్తే లేదు. ఉక్కపోతకు విసుక్కుని, "అంత దూరం జరుగు" అని తోసేదాన్ని.

చీర అందుకుని, మత్తిగిరి చలికి కప్పినట్టే పాదాల కింద మడిచి, మెడ దాకా లాగి, రెండు పక్కలా చేత్తో నొక్కాను. పిల్ల మారు మాట్లాడకుండా గోడవైపు తిరిగి కళ్లు మూసుకుంది. గెలిచినంత సంబరమైంది నాకు. ఆ సంబరం ఆమెకు కనపడాలనే తలెత్తాను.

ఆమె ఖాళీ చేతులతో నిలబడి నా చేతులనే చూస్తోంది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆ వేసవంతా మా గుమ్మంలో నిలబడి నేను ఆమె ఇంటివైపు చూసిన చూపే అది.