నాలుగు నిమ్మచెక్కలు, ఒక తప్పుడు పరీక్ష

రిమోట్ కారు ఎదురుగా వస్తున్నప్పుడు ఏ పిల్లలకైనా కుడి ఎడమలు తారుమారవుతాయి. కారు దూరంగా పోతున్నంతసేపూ చక్కగా నడుపుతారు. అది మలుపు తిరిగి తమకేసి ముఖం పెట్టగానే కుడికి తిప్పాల్సింది ఎడమకు తిప్పుతారు. కంగారులో ట్రిగ్గర్ వదలాల్సింది పోయి ఇంకా గట్టిగా నొక్కుతారు. కారు పోయి గోడకు కొట్టుకుంటుంది. మా దగ్గర విరిగిన కార్లలో చాలా వరకు ఇలా విరిగినవే.

అందుకే కొత్తగా వచ్చిన పిల్లల చేతికి మొదటి రోజు నేను రిమోట్ ఇచ్చేదాన్ని కాను. వాళ్లనే కార్లను చేసేదాన్ని. ఒకరు కారు, ఒకరు డ్రైవరు. డ్రైవరు "కుడి" అంటే కారు తన కుడికి తిరగాలి, డ్రైవరు కుడికి కాదు. పది నిమిషాలు ఒకరినొకరు గుద్దుకుని, నవ్వుకుని, తిట్టుకున్నాక వాళ్లకే తెలిసిపోయేది: నడపాలంటే కారులో కూర్చున్నట్టు అనుకోవాలి. ఆ తర్వాతే రిమోట్.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మూతపడ్డ ఒక అట్టపెట్టెల ఫ్యాక్టరీ వెనక పెద్ద సిమెంటు నేల ఉంది. ఆదివారం పొద్దున చుట్టుపక్కల మిషన్లన్నీ ఆగి ఉంటాయి కాబట్టి పిల్లల అరుపులు తప్ప వేరే చప్పుడు ఉండదు. నేను ఉప్పల్ నుంచి స్కూటీ మీద మూడు కార్లు, బ్యాటరీలు, స్క్రూడ్రైవర్లు రెండు సంచుల్లో వేసుకుని వచ్చేదాన్ని. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. వేగం, ఘర్షణ, జడత్వం బోర్డు మీద గీస్తే పిల్లలకు ఎక్కడం లేదని ఒకప్పుడు క్లాసులోకి ఒక కారు తెచ్చాను. ఉద్యోగం అయిపోయింది గానీ కార్లు మిగిలాయి.

మా నియమాలు కొన్నే. ట్రిగ్గర్‌ని కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకోవాలి. ముందుకు పోతున్న కారును ఆపకుండా రివర్సు నొక్కకూడదు, గేరు పళ్లు రాలిపోతాయి. కారు బోర్లా పడితే మిగతావాళ్లంతా తమ కార్లు ఆపేదాకా దాని కోసం పరిగెత్తకూడదు. ఇక ప్రతి రిమోట్ మీదా వేగానికి హద్దు పెట్టే చిన్న నాబ్ ఒకటి ఉంటుంది. కొత్తవాళ్లకు దాన్ని బాగా తగ్గించి ఇచ్చేదాన్ని. సుద్దముక్కతో గీసిన గడిలోకి కారును వెనక్కి నడిపి, గీత తాకకుండా మూడుసార్లు నిలిపితే కొంచెం పెంచేదాన్ని.

ఇంకొక నియమం ఉండేది. దాని మీద నాకు గర్వం ఎక్కువ. ఏదైనా విరిగితే, విరగ్గొట్టినవాళ్లు ఆ ముక్క చేతిలో పట్టుకుని అందరి ముందు నిలబడి కారణం చెప్పాలి. "దానంతట అదే విరిగింది", "దిష్టి తగిలింది", "టైము బాగోలేదు" చెల్లవు. నేను హేతువాద సభల్లో, వాదోపవాదాల వేదికల మీద పెరిగిన మనిషిని. గ్రహణం రోజున నడివీధిలో ఉప్మా తిన్నదాన్ని. ఉప్పల్ చౌరస్తాలో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయలు ఏరి, కడిగి, షర్బత్ చేసి నలుగురి ముందు తాగినదాన్ని. చేతబడి చేస్తానన్నవాళ్లను నా మీదే చేయండని సభల్లో పిలిచినదాన్ని. ప్రతి ఫలితానికీ ఒక కారణం ఉంటుందని, అది వెతికితే దొరుకుతుందని పసితనంలోనే తెలిస్తే ఈ పిల్లలను రేపు ఏ బాబా మోసం చేయలేడని నా నమ్మకం. విరిగిన ముక్క పట్టుకుని నిలబడ్డ చిన్న పిల్లకు అది విచారణలా కాక శిక్షలా ఉంటుందని నాకు తట్టలేదు.

అలా నిలబడ్డవాళ్లలో ఒక అమ్మాయికి తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న మా సిమెంటు నేలకు రెండు సందుల అవతల ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ నడుపుతాడు. జనగామ వైపు నుంచి వచ్చిన కుటుంబం. నాలుగు నెలలు నా కార్ల మీదే నేర్చుకుంది. మాట తక్కువ. వేలు మాత్రం అద్భుతం. కారును గోడ దాకా తెచ్చి, అగ్గిపెట్టె పట్టేంత సందు వదిలి, చప్పుడు లేకుండా ఆపేది. అలాంటి వేలు అప్పటికి నేను చూడలేదు.

దసరా వెళ్లిన ఆదివారం సొంత కారు పట్టుకొచ్చింది. ఎవరో పాడైపోయిందని మూలకు పడేసిన పాత కారును వాళ్ల నాన్న ఇంటికి తెచ్చి, ఇరుసులు లేత్ మీద కొత్తగా తిప్పి, మోటారు శుభ్రం చేసి నిలబెట్టాడు. ఆయుధ పూజ రోజున లేత్ పక్కన పెట్టినట్టున్నాడు, ముందు భాగంలో కుంకుమ బొట్టు ఉంది. రిమోట్ మీద నాబ్ పక్కన గోళ్ల రంగుతో ఎర్ర చుక్క. కూతురు ఎంత వేగం దాటకూడదో అతను పెట్టిన గుర్తు.

ఆమె ఒక కాగితం పొట్లం విప్పింది. సగానికి కోసిన రెండు నిమ్మకాయలు.

"టీచర్, మా నాయన తొక్కిచ్చి మొదలువెట్టుమన్నడు. నిండుకాయైతే దొర్లుతదని కోసి ఇచ్చిండు."

మా ఆదివారం బడిలో అందరికంటే ముందునుంచీ ఉన్న పదేళ్ల కుర్రాడొకడున్నాడు. గుంటూరు నుంచి వచ్చి హబ్సిగూడలో స్థిరపడ్డవాళ్లు. చేయి ఎంత చురుకో నోరూ అంత చురుకు. "దీనికి కూడా పూజేంటే? రేపు దీనికి ఇన్సూరెన్సు కూడా కట్టిస్తావా?" అన్నాడు.

"నువ్వు కట్టిచ్చుకో. గోడకు గుద్దేది నీ బండి, నాది గాదు" అంది ఆమె.

పిల్లలంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. ఆమె నాలుగు చెక్కలను నాలుగు చక్రాల ముందు పెట్టి, రెండడుగులు వెనక్కి వచ్చి, ట్రిగ్గర్ మీద వేలు ఆనించింది.

అది తేలిక పని కాదు. కొంచెం ఎక్కువ నొక్కితే కారు ఎగిరి బోర్లా పడుతుంది. తక్కువ నొక్కితే చెక్కకు ఆని మూలుగుతూ నిలబడిపోతుంది. ఆ కారు నాలుగు చెక్కల మీదకూ మెల్లగా ఎక్కి, రసం కక్కించి, అంతే మెల్లగా దిగి నిలబడింది. అది నేను కళ్లారా చూశాను. "ఎంత బాగా నడిపావు!" అనాల్సింది అప్పుడే. కానీ నా కళ్లకు వేలు కనబడలేదు, నిమ్మకాయే కనబడింది.

"ఆగండి అందరూ. నిమ్మకాయ కారును కాపాడుతుందా లేదా? పరీక్షించి చూద్దాం" అన్నాను.

"కాపాడ్తదని నేను అనలే టీచర్. నాయన తొక్కియ్యమన్నడు, తొక్కిచ్చిన" అంది.

నిజమే, ఆమె ఏ వాదమూ చేయలేదు. ఎదుట వాదమే లేకపోతే నేనే ఒకటి నిలబెట్టి కూలగొట్టాను. వేదికల మీద పెరిగిన వాళ్లకు ఈ జబ్బు ఉంటుంది.

కుర్రాడి కారు నిమ్మకాయ తొక్కలేదు, ఆమె కారు తొక్కింది. రెండూ నేల చుట్టూ మూడు చుట్లు తిరగాలి. ఏది దేనికైనా తగులుకుంటుందో చూద్దామన్నాను. బ్యాటరీ చూస్తానని ఆమె రిమోట్ తీసుకున్నాను. ఎర్ర చుక్క దగ్గరున్న నాబ్‌ని చివరిదాకా తిప్పి ఇచ్చేశాను. కుర్రాడి కారు పూర్తి వేగంతో పోతుంది కాబట్టి ఇద్దరికీ సమానంగా ఉండాలని నాకు నేను చెప్పుకున్నాను. వాడు పూర్తి వేగంతో ఏడాదిగా నడుపుతున్నాడు, ఆమె ఒక్క రోజూ నడపలేదు. ఆ సంగతి నాకు తెలుసు. నాబ్ తిప్పానని ఎవరికీ చెప్పలేదు.

ఒక పరీక్షలో ఒక్క అంశమే మార్చాలి, మిగతావన్నీ సమానంగా ఉండాలి. సర్వీసంతా పిల్లల చేత నోటుబుక్కుల్లో రాయించిన వాక్యం అది.

మొదటి చుట్టులోనే కారు ఆమె అనుకున్నదానికంటే ముందుకు దూకింది. ఆమె భుజాలు బిగుసుకోవడం చూశాను. రెండో చుట్టులో అది మలుపు తిరిగి మాకేసి వచ్చింది. ఎన్నోసార్లు చక్కగా తిప్పిన మలుపే. ఆ వేగానికి ఆమె వేలు సరిపోలేదు. కారు నేల అంచున ఉన్న మురుగుకాలువ గట్టుకు టప్‌మని తగిలి పల్టీ కొట్టింది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ చేయి రెండు ముక్కలై, చక్రం వేలాడింది.

"చూశారా? నిమ్మకాయ ఆపిందా?" అన్నాను నేను.

"ఆపలేదు టీచర్!" పిల్లలు చప్పట్లు కొట్టారు.

కారు విరగాలని కోరుకున్నానా? చాలాసార్లు అడుక్కున్నాను. విరగాలని కాదు. తగలాలని మాత్రం కోరుకున్నాను. ఆ రెంటికీ ఉన్న తేడాను చూపించి తప్పుకోవాలని నాకిప్పుడు లేదు.

నియమం ప్రకారం ఆమె విరిగిన ముక్క పట్టుకుని నిలబడింది. రెండో చేతిలో రిమోట్ ఉంది. "కారణం చెప్పమ్మా" అన్నాను. ఆమె ఒకసారి రిమోట్ కేసి చూసింది. ఒకసారి నా కేసి చూసింది. తర్వాత నేల కేసి చూస్తూ అంది:

"నాకు నడుపరాలే టీచర్."

"శభాష్. నిజం ఒప్పుకున్నావు" అన్నాను.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై వారమూ రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. జ్వరం కాదని లోపల తెలుసు. మూడో వారం సోమవారం మధ్యాహ్నం వర్క్‌షాపుకు వెళ్లాను.

వాళ్ల నాన్న లేత్ మీద వంగి ఉన్నాడు. "రాండ్రి మేడం, జర కూసోన్రి. ఈ పీసు అయిపోవచ్చింది" అన్నాడు. మిషన్ ఆపి చేతులు తుడుచుకున్నాడు. వెనక అరలో కారు ఉంది. విరిగిన ప్లాస్టిక్ చేయి స్థానంలో అల్యూమినియం ముక్కను ఆకురాయితో రుద్ది బిగించాడు. ఫ్యాక్టరీలో చేసినదానికంటే అందంగా ఉంది. చక్రాల మీద దుమ్ము లేదు. ఎవరూ నడపలేదన్నమాట.

నేను దారిపొడవునా కూర్చుకున్న మాట చెప్పాను. "ఆ రోజు నాబ్ నేనే తిప్పానన్నా. మీ అమ్మాయి తప్పు లేదు."

"ఎరుకే మేడం" అన్నాడు.

"ఎలా తెలుసు?"

"ఇంటికి రాంగనే చెప్పింది. టీచర్ నాబ్ తిప్పింది నాయినా, నేను జూసుకోలే అన్నది."

"మరి అక్కడే ఎందుకు చెప్పలేదు? కారణం చెప్పమని అడిగాను కదా!"

అతను నా కేసి వింతగా చూశాడు. "ఎట్ల జెప్తది మేడం? గంతమంది పిల్లల ముంగట మీ ఇజ్జత్ వోదా?"

తొమ్మిదేళ్ల పిల్లకు నా పరువు మీద ఉన్న పట్టింపు, నాకు ఆ పిల్ల పరువు మీద లేకపోయింది. అతనే నాకు సర్దిచెబుతున్నట్టు, "ఫికర్ జెయ్యకున్రి. నిమ్మకాయ ముచ్చట నేనే చెప్పిన. మిషిని కొత్తగ వస్తె మా సేటు కొట్టిస్తడు, గదే అలవాటు. బిడ్డకు సంబురం, గంతే" అన్నాడు.

"ఆదివారం పంపించండి. అందరి ముందూ చెప్తాను."

"అడిగి జూస్త. బలిమి అయితే జెయ్య. రిమోట్ ముట్టుడే బంద్ జేసింది."

ఈ కథలోంచి నిమ్మకాయలో ఏదో శాస్త్రం దాగుందని తీసేవాళ్లుంటారు. వాళ్లకు ముందే చెప్తున్నాను, ఏమీ లేదు. నిమ్మకాయ ఏ బండినీ కాపాడదు. ప్రతి ఆచారం అడుగునా ఏదో విజ్ఞానం తవ్వి తీసేవాళ్లతో నాకు ఇవాళ్టికీ పోట్లాటే. నా బాధ నిమ్మకాయ ఓడిపోయినందుకు కాదు. బాబా వేళ్ల సందున విభూది దాచినట్టు నేను వేలి కింద నాబ్ దాచాను. అతను గాల్లోంచి బూడిద తీస్తే నేను గాల్లోంచి రుజువు తీశాను. చప్పట్లు ఇద్దరికీ పడ్డాయి.

ఆ ఆదివారం పిల్లలకు చెప్పాను. నాబ్ ఎలా తిప్పానో తిప్పి చూపించాను. గుంటూరు కుర్రాడు చాలాసేపు ఆలోచించి, "అంటే టీచర్, నేను గెలవలేదా?" అన్నాడు. లేదన్నాను. "మరి నిమ్మకాయ?" అంది ఒక చిన్నది. "నిమ్మకాయ ఏమీ చేయలేదు. చేసింది నేను" అన్నాను. వాళ్లు తలలూపి కార్ల దగ్గరికి పరిగెత్తారు. ముక్క పట్టుకుని నిలబడే నియమం ఆ రోజే తీసేశాను. ఇప్పుడు ఏదైనా విరిగితే, వాళ్లూ నేనూ నేల మీద కూర్చుని కలిసి వెతుకుతాం. నా పొరపాటేమన్నా ఉందేమో ముందు చూస్తాం.

కానీ ఎవరికి చెప్పాలో ఆమె అక్కడ లేదు.

సంక్రాంతి సెలవులు దాటాక ఒకసారి వచ్చింది. వర్క్‌షాపు చర్లపల్లికి మారుతోందట, వాళ్ల ఇల్లు కూడా. నా దగ్గర తీసుకున్న చిన్న స్క్రూడ్రైవర్ తిరిగిప్పించడానికి నాన్న బండి మీద తీసుకొచ్చాడు. అతను గేటు బయట ఇంజను ఆపి నిలబడ్డాడు. ఆమె లోపలికి వచ్చి స్క్రూడ్రైవర్ నా చేతిలో పెట్టింది.

పిల్లలందరినీ కార్లు ఆపమన్నాను. నా కార్లలో మంచిదాని రిమోట్ తీసుకుని, నాబ్ ఆమెకు కనబడేలా తిప్పి తగ్గించి, ఆమె ముందుకు చాచాను.

"ఒక్క చుట్టు నడుపు తల్లీ."

ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దు టీచర్. పలగొడ్త."

"నువ్వు పలగ్గొట్టలేదమ్మా. ఆ రోజు పలగ్గొట్టింది నేను."

"ఎరుకే టీచర్" అంది.

రిమోట్ మాత్రం తీసుకోలేదు.