ఆది లేనివాళ్ల కోసం

కోపం నాది, ఓపిక నుస్రతక్కది. అది ముందే చెప్పేస్తే మంచిది.

సిరొంచ బస్టాండు దగ్గర నాకు ఆన్‌లైన్ సెంటర్ ఉంది. పక్క గదిలో నుస్రతక్క కుట్టుమిషను. పదహారేళ్లుగా జాకెట్లు కుడుతోంది, ఏనాడూ టేపు పట్టలేదు. మా దగ్గర కొత్త జాకెట్టు కావాలంటే, ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి సంచిలో వేసుకొస్తారు. దాన్నే ఆది అంటారు. అక్క దాన్ని గుడ్డ మీద పరిచి కత్తెర ఆడిస్తుంది, అంతే.

పోయినేడు ఆ విద్యంతా అక్క నోటితో చెబుతుంటే ఫోను టైపు చేసుకుంది; దాన్ని నేను సరిచేసి, ‘నుస్రత్ టైలరింగ్’ అని పేరు పెట్టి, ఒక ఆన్‌లైన్ స్టోర్‌లో ఈ-బుక్‌గా ఎక్కించాను. ముప్పైమంది దాకా కొన్నారు. అక్క సంబరం చూడాలి! ఆష్టి నుంచి చుట్టాలొస్తే చాయ్ కంటే ముందు ఫోను చూపించేది.

అంతలో ప్రియాంక అనే అమ్మాయి ఒక్క స్టారు ఇచ్చి కింద ఇలా రాసింది: ‘నేనెప్పుడూ జాకెట్టు కుట్టించుకోలేదు. నా దగ్గర ఆది లేదు. రెడీమేడ్‌గా కొనుక్కున్న సాగే జాకెట్టు పరిచి, పుస్తకంలో చెప్పినట్టే మా అమ్మ పట్టుగుడ్డ కోశాను. చెయ్యి కూడా దూరలేదు. అమ్మ ఇప్పుడు లేదు.’

నాకు ఒళ్లు మండింది. “సాగే గుడ్డ ఏందో, సాగంది ఏందో తెల్వకుండ కత్తెర ఎట్ల పట్టింది?”

అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. “ఆమెకు ఎట్ల తెలుస్తది అజయ్? నేను చెప్పలే గద. అందరింట్ల ఆది ఉంటదనుకున్న. తప్పు నాదే.”

“అయితే పాతది తీసేద్దాం. కొత్త పేరు పెట్టి కొత్త పుస్తకం లెక్క ఎక్కిద్దాం. ఆ స్టారు పీడ గూడ పోతది.”

“మరి ఆ పిల్ల?”

“మల్ల కొనుక్కుంటది.”

“గుడ్డ ఖరాబ్ చేసింది నేను, మల్ల కొనేది ఆమెనా? పాతదాన్నే సరిజెయ్. ఆమె కాడున్న పుస్తకంలకే కొత్త పాఠం పోవాలె.”

“అప్పుడు ఆ పిల్ల రాసిన మాట గూడ నీ పేరు కిందనే ఉంటది!”

“ఉండనియ్.”

మొండిఘటం. ఇక చేసేదేముంది? అక్క టేపు కొని, వచ్చినవాళ్లందరికీ ఛాతీ, భుజం, చేతి చుట్టుకొలత తీసి, వాళ్ల ఆదితో సరిచూసుకోవడం మొదలుపెట్టింది. వరి రైతు కిష్టన్న భార్య వెంకటవ్వ నడుం మీద చేతులు పెట్టుకుని, “ఇన్నేండ్లు లేని కొలతలు ఇయ్యాలేందే? నాకేమన్న పెండ్లి జేస్తవా?” అంది. గదంతా నవ్వులే.

కొత్త పాఠం తయారైంది. పుస్తకం పేరు కూడా మార్చాం: ‘ఆది లేకున్నా జాకెట్టు’. పాఠం మొదట్లో అక్క ఒక మాట చేర్చమంది: ‘ఇది ముందే చెప్పకపోవడం నా పొరపాటు. దానివల్ల ఒక పట్టుగుడ్డ పాడైంది.’ రెండుసార్లు కొట్టేశాను. రెండుసార్లూ కూర్చోబెట్టి మళ్లీ రాయించింది. అట్ట మీద పాత పేరే ఉందని స్టోర్‌వాళ్లు తిప్పి పంపారు. తిట్టుకుంటూ అట్ట మార్చాను. ముందు కొన్నవాళ్లకు కొత్త పాఠం దానంతటదే వెళ్లదట! పంపమని వేరే అర్జీ పెట్టాను. పది రోజులకు సరేనన్నారు.

నెల తిరిగాక ప్రియాంక ఆ స్టారు కింద ముందు రాసింది తీసేసి కొత్తగా రాసింది. అక్కకు చదివి వినిపించాను: ‘ఈసారి నూలుగుడ్డతో కుట్టాను. సరిపోయింది. అమ్మ గుడ్డ తిరిగి రాదు కాబట్టి స్టారు మాత్రం మార్చను. చుడీదార్ల పుస్తకం ఎప్పుడు రాస్తారు?’

“చూసినవా అక్కా! సరిపోయిందంట, స్టారు మాత్రం పెంచదంట! ఏం మనిషి?”

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది. “నిజమే గద రాసింది. అమ్మ గుడ్డకు ఎన్ని స్టార్లిస్తే సరిపోతది? జర లొల్లి ఆపి ఫోను పట్టు. చుడీదార్‌కు ముందుగాల నడుము కొలత తీస్కోవాలె, రాస్కో.”