సెల్ఫ్ తిరిగింది, బండి లేవలే

జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా, చప్పుడు వినుడుతోనే బండి రోగం చెప్పేటోడు ఎవడన్నా ఉన్నడంటే అది నేనే. బానెట్ ఎత్తే పని గూడ లేదు. మొన్న పొద్దుగాల గట్లనే చెప్పిన. ఒకటి కాదు, నాలుగు రోగాలు చెప్పిన. నాలుగుకు నాలుగూ తప్పే!

ఏమైందంటే, మా రాజేశం బావ మస్కట్ పోయే రోజది. సిరిసిల్లల పవర్‌లూమ్ సాంచలు సక్కగ నడువక, బట్ట నేసుడు ఇడిసిపెట్టి ఆరేండ్ల సంది అక్కడ బిల్డింగుల పనికి పోతుండు. రెండేండ్లకు ఒకసారి రెండు నెలల లీవు. ఆ లీవు అయిపోయింది. "రేపు పొద్దున డ్యూటీల లేకుంటే వీసా పోతది బామ్మర్దీ" అన్నడు. సాయంత్రం ఐదింటికి శంషాబాద్‌ల ఫ్లైట్.

"ఏడింటికి తంగళ్ళపల్లిల బయలెల్లుదాం బావా. కారు నాది, పూచీ నాది" అన్న నేను. నా కారంటే, మా నాయిన కోరుట్లల సెకండ్ హ్యాండ్ల కొన్న పాత పెట్రోల్ బండి. నాకన్న రెండేండ్లు చిన్నది, గంతే.

ఏడు కాకముందే సామాను ఎక్కింది. పచ్చళ్లు, సకినాలు కలిపి రెండు పెద్ద డబ్బాలు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టినం. అక్క హారతి పట్టింది. ఎదురు ఎవరూ వస్తలేరని అమ్మ చూసి చెప్పంగనే బావ కుడికాలు పెట్టి ఎక్కిండు. అయిదేండ్ల నా మేనకోడలు సింధు డోర్ పట్టుకొని ఒకటే ఏడుపు, "నాయినా, పోకు!" అని.

తాళం తిప్పిన. గుర్ర్ గుర్ర్ గుర్ర్... సెల్ఫ్ మంచిగనే తిరుగుతుంది. బండి లేస్తలేదు. ఇంకోసారి కొట్టిన. గుర్ర్ గుర్ర్... ఒక్కసారి దగ్గి ఊకుంది.

"జర దిగు బావా, చూస్త."

"నేను దిగ. శకునం చూసి ఎక్కిన. మళ్ల దిగి ఇంట్లకు పోవాల్నా?"

అమ్మ గూడ అందుకుంది. "దిగకు అల్లుడా! ఏం కాదు, మావోడు యూట్యూబుల అన్ని చూసిండు."

ఇగ బావ పాస్‌పోర్ట్ ఒళ్లె పెట్టుకొని, పెండ్లిపీటల మీద కూసున్నట్టు కూసున్నడు. నేను వైద్యం మొదలుపెట్టిన.

మొదటి రోగం, బ్యాటరీ. సెల్ఫ్ గంత జోరుగ తిరుగుతుంటే బ్యాటరీది తప్పెట్ల అయితదని అడిగేటోడు అక్కడ ఎవడూ లేకుండె. టెర్మినళ్లు ఇప్పి, తుడిచి, మళ్ల బిగించిన. గుర్ర్ గుర్ర్.

రెండో రోగం, పెట్రోల్. తాళం సగం తిప్పితే వెనుక పంపు జుయ్యిమంటుంది. అయినా నాకు నమ్మకం కుదరక, ట్యాంక్ మూత తీసి చెవి పెట్టిన. అక్క అడిగింది, "ఏమంటుంది తమ్మీ?"

"పెట్రోల్ ఉన్నది అంటుంది."

మూడోది, కరెంటు. ప్లగ్ ఇప్పి, ఇంజన్‌కు ఆనించి పట్టుకొని, "బావా, సెల్ఫ్ కొట్టు" అన్న. బావ కూసున్నకాన్నుంచే చెయ్యి చాపి కొట్టిండు. కరెంటు మస్తుగ ఉన్నది. ప్లగ్గులకెల్లి నా మోచెయ్యి దాకా వచ్చింది! నేను ఎగిరిన ఎగురుకు ఏడుస్తున్న సింధు గూడ నవ్వింది.

"ఇంజన్ల పెట్రోల్ ఎక్కువైంది, నూకితే లేస్తది" అన్న. అది నాలుగో రోగం. వాడకట్టోళ్లు అయిదుగురు వచ్చిండ్లు. బావ లోపట్నే, డబ్బాలు లోపట్నే. నేను స్టీరింగ్ కాడ కూసున్న, ఆళ్లు నూకిండ్లు. నిమ్మకాయలు పటపట పగిలినయి. సెకండ్ గేర్ల ఏసి క్లచ్ ఇడిసిన. బండి ఎగిరిపడ్డది, పచ్చడి డబ్బా బోర్ల పడ్డది, బావ నెత్తి ముందటి అద్దానికి తాకింది. లేవలే.

ఎనిమిదిన్నర. బావ మొకం తెల్లబడ్డది. "బామ్మర్దీ, ఈ నౌకరి పోతే మళ్ల ఏజెంటు, మళ్ల వీసా... నాతోని కాదురా" అన్నడు మెల్లగ. గప్పుడు నా వైద్యం బంద్ చేసిన. మెకానిక్ మల్లన్నకు ఫోన్ కొట్టిన.

మల్లన్న వచ్చిండు. బానెట్ దిక్కు గూడ చూడలే. బండి వెనుకకు పోయి, సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి "కొట్టు" అన్నడు. కొట్టిన. "గాలి బయటికి రాకుంటే ఇంజన్ ఎట్ల లేస్తదిరా?" అని, లోపటికి రెండు వేళ్లు పెట్టి గుంజిండు. దారం! ఎర్రది, పచ్చది, నీలంది. సాంచల కాడ పారేసే దారం. తడిసి ఉబ్బింది. గుంజుతుంటే వస్తనే ఉన్నది, మూరలకు మూరలు. అందరం నోర్లు తెరిచి చూస్తున్నం.

"ఇది ఎవరు కుక్కిండ్లు?" అన్నడు మల్లన్న.

అందరి కండ్లు సింధు మీద పడ్డయి. పొద్దటి సంది 'పోకు' అని ఏడ్చింది ఆ పిల్లే గదా!

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. గంటన్నర సంది కదలని బావ, శకునం మాట మరిచి ధడేల్న దిగిండు. బిడ్డను ఎత్తుకున్నడు. "నన్ను పోనియ్యద్దని పెట్టినవా బిడ్డా?"

సింధు అటు చూసింది, ఇటు చూసింది. ఎవ్వరూ కొడుతలేరు, నాయిన ముద్దు పెడుతుండు. తల ఊపింది! బావ ఏడ్చిండు, అమ్మ ఏడ్చింది, నూకవచ్చిన అయిదుగురు గూడ ముక్కులు తుడుచుకున్నరు.

తర్వాత ఒక్క సెల్ఫుకే బండి లేచింది. తంగళ్ళపల్లి దాటినంక చాయకు గూడ ఆపకుండ తోలిన. ఫ్లైట్ అందింది.

నిన్న మస్కట్‌కెల్లి బావ ఫోన్ చేసిండు. "రూముల అందరికి చెప్పిన బామ్మర్దీ, నా బిడ్డ కారునే ఆపిందని. ఈసారి రెండేండ్లు ఆగ. కంపెనీల అడిగి ఏడాదికే వస్త." అక్క సంబురం చెప్పతరం కాదు. ఇగ నేను ఎవరికి చెప్పుకోవాలె?

మీకు చెప్తున్న, అక్క దాకా పోనియ్యకుండ్రి. ముందటి రోజు మాపటికి, బావ పోయే బండి మెరవాలని కడిగిన. సైలెన్సర్ల నీళ్లు పోతయని దారం ఉండ చేసి, కట్టెతోని పొడిసి పొడిసి కుక్కింది నేనే. తీసుడు మరిచిన. మల్లన్న చేతిల ఎర్ర పోగు కనపడంగనే గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చి ఏం చేసిన? అందరితోపాటు నేను గూడ సింధు దిక్కే చూసిన.