తాళాలు ఏ చేతిలో?

మెదడును చూసే మిషన్లలో ఏది గొప్పదని ఎవరన్నా వాదిస్తే నాకు నంద్యాల డాక్టరే గుర్తొస్తాడు. ఎనభైల్లో నాకు ఫిట్స్ వస్తుంటే మాయమ్మ ఆళ్లగడ్డ నుంచి ఆయన దగ్గరికే తీసుకుపోయింది. ఫిట్స్ అని ఎవరొచ్చినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే.

"తాళాలు ఏ చేతిలో పెడతాండారు?"

చేతిలో ఇనుము పెడితే ఫిట్స్ తగ్గుతుందని మావాళ్ల నమ్మకం. తిడతాడేమోనని మాయమ్మ తల వంచుకుంది. "కుడిచేతిలో సార్. ముందు మెలి తిరిగేది ఆ చెయ్యే."

ఆయన తిట్టలేదు. నా తల ఎక్స్‌రే మీద ఎడమవైపు పెన్సిలుతో సున్నా చుట్టాడు.

"కుడిచేతిని ఆడించేది ఎడమ మెదడు. ఎక్స్‌రేలో ఎముకే కనపడుతుంది. తలకు వైర్లు పెట్టి తీసే ఈఈజీ గీతల్లో గోల ఏ పక్కదో తెలుస్తుంది గానీ ఆడ ఏముందో తెలీదు. మద్రాసులో సీటీ స్కాన్ ఉంది. బేతంచెర్లలో బండను పలకలుగా కోసినట్టు, అది తలను పొరలు పొరలుగా ఫోటో తీస్తుంది. పోయి రాండి."

పోయొచ్చినాం. ఆయన సీటీ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసి, మాయమ్మ చేతికిచ్చాడు. సున్నా చుట్టిన వైపే ఆవగింజంత మచ్చ.

"చూడమ్మా, నువ్వు చెప్పిన పక్కనే ఉంది."

అక్షరం ముక్క రాని మాయమ్మ ఆ ఫిల్మును రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది.

"మాత్రలు రాస్తాండా. ఒక్కరోజు కూడా ఆపొద్దు," అన్నాడాయన. "ఆ తాళాలు ఇంక బీరువాకే."