మునగని కారులో నీళ్ళు

మా చుట్టాల్లో ఈ కథ ఎలా చెప్పుకుంటున్నారో నాకు తెలుసు. మా రాజ్యలక్ష్మి వేలు పెట్టి చూసిందంటే చాలు, నీళ్ళల్లో మునిగిన కారుని ఇట్టే పట్టేసింది, తమ్ముడు మోసపోకుండా కాపాడింది అని. మొన్నొక పెళ్ళి భోజనాల్లో పక్క వరసలో కూర్చున్నావిడ ఇంకెవరికో ఇదే చెబుతుంటే విన్నాను. విస్తట్లోంచి తల ఎత్తలేకపోయాను. ఆ మాటల్లో ఒక్కటీ నిజం కాదు. నేను పట్టుకున్నది ఏమీ లేదు.

దయ్యాలూ ఆత్మలూ అంటే నేను ఒప్పుకోను. ఇరవై ఏళ్ళకి పైగా అమలాపురంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. మా వీధిలో ఒకరింట్లో తలుపు దానంతటదే కొట్టుకుంటోందని హడలిపోతుంటే వెళ్ళి బందు బిగించి, నాలుగు చివాట్లు పెట్టి వచ్చిన మనిషిని. ఇప్పుడు ఇది రాస్తున్నా సరే, దయ్యం అనే మాట నా నోట రాదు. జరిగింది మాత్రం రాస్తాను.

మా నాన్నగారు టాక్సీలు తిప్పేవారు. పాత బండి కొనడానికి వెళ్ళినప్పుడల్లా నన్ను తీసుకెళ్ళేవారు. ఎక్కడ తట్టాలో, ఎక్కడ వాసన చూడాలో ఆయన దగ్గరే నేర్చుకున్నాను. దానికి నా నోరు తోడైంది. అందుకే మావాళ్ళు ఫ్రిజ్జు కొన్నా, స్థలం కొన్నా వంకలు పెట్టడానికి నన్ను పిలుస్తారు. అదొక గౌరవంలా ఉండేది నాకు.

పోయిన వేసవిలో మా తమ్ముడు శ్రీను వచ్చాడు. వాడిది కొబ్బరి వ్యాపారం. మామిడికుదురు దగ్గర ఒక ఊళ్ళో ఎర్ర స్పోర్ట్స్ కారు అమ్మకానికి ఉందట. రెండు తలుపులు, రెండే సీట్లు.

"కాయలెక్కడ పెడతావురా, నీ నెత్తి మీదా?" అన్నాను. "మన రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. ఆ కారు పొట్ట ధాన్యం ఊడ్చుకుంటూ పోతుంది."

"నలభై రెండేళ్ళొచ్చేయక్కా. ఇప్పుడు కాపోతే ఇంకెప్పుడు తోలతాను?" అన్నాడు.

సరే అని వెళ్ళాం.

అది దైవసహాయం మాస్టారి ఇల్లు. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఒక్కతే కూతురు, ఎస్తేరు. చెన్నైలో ఇంజనీరుగా చేసేది. కారు ఆ అమ్మాయిదే. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొని, తనే తోలుకుంటూ ఇంటికి తెచ్చిందట. ఆ తరవాత ఏడాది జ్వరం వచ్చి, పదకొండు రోజుల్లో పోయింది. మాస్టారికి డ్రైవింగ్ రాదు. కారు పాడైపోతుంటే చూడలేక అమ్ముతున్నానన్నారు.

మాకు కుర్చీలు వేసి, కొబ్బరి నీళ్ళిచ్చి, ఆయన గర్వంగా ఒక మాట చెప్పారు. "పాత బండమ్మా, ఎవడైనా మోసం చేస్తాడేమో అన్నానండి. ప్రతి బోల్టూ నేనే చూసి కొన్నాను నాన్నా, నీకు అబద్ధం చెప్తానా అందండి. అలాంటి పిల్లండి అది."

నేను కారు చూడడం మొదలుపెట్టాను. ఇలాంటి కార్లని కుర్రాళ్ళు గట్టిగా తోలి, నలిపేసి అమ్ముతారు. అందుకని ముందు టైర్ల లోపలి అంచులు చూశాను. సమంగా అరిగాయి. బ్రేకు డిస్కుల మీద వేలు పెట్టి రాశాను, గాడులు పడలేదు. బానెట్ బోల్టుల మీద స్పానర్ గుర్తుల్లేవు, అంటే గుద్ది బాగు చేయించిన బండి కాదు. శ్రీను కాలవ గట్టు మీద కొంత దూరం తోలుకొచ్చాడు. క్లచ్చి మెత్తగా ఉంది, స్టీరింగు ఏ పక్కకీ లాగడం లేదు. చెన్నై వరదల్లో కార్లు మునుగుతుంటాయి కాబట్టి నీళ్ళ సంగతి మరీ జాగ్రత్తగా చూశాను. సీటు బెల్టులు రెండూ చివరిదాకా బయటికి లాగాను. మునిగిన బండిలో ఆ చివర మరక ఉండి తీరుతుంది. ఇక్కడ కొత్త గుడ్డలా ఉంది. డిక్కీ అడుగున తుప్పు లేదు, వాసన లేదు.

ఆ పిల్ల నిజంగానే ప్రతి బోల్టూ చూసి కొంది. నేను చూసినా అదే కారు కొనేదాన్ని.

మరి అంతటితో ఊరుకోవాలి కదా. ఊరుకుంటే నేనెందుకు వెళ్ళినట్టు? శ్రీను నా మొహంలోకి చూస్తున్నాడు, అక్క ఇంకా వంక పెట్టలేదేమిటా అని. వంక లేకుండా నేను ఏ బేరం నుంచీ లేచి రాలేదు.

ఎడమ పక్క సీటు దగ్గర మోకాళ్ళ మీద వంగాను. పెరట్లో చెట్లకి నీళ్ళు పెట్టారు కాబట్టి నా చెప్పు అడుగున నల్లటి ఒండ్రు అంటుకుని ఉంది. వేలితో ఇంత గీకి, సీటు కింద చెయ్యి పెట్టి, బయటికి తీసి చూపించాను.

"మాస్టారూ, ఇది సీటు పట్టాల దగ్గర దొరికిందండి. ఇది నీళ్ళల్లో మునిగిన బండి."

ఆయన వాదిస్తారనుకున్నాను. వాదిస్తే నాకు సరదా. కాస్త తగ్గించి ఉంటే నవ్వేసి లేచేదాన్ని. ఆయన అరుగు మెట్టు మీద కూర్చుండిపోయారు. నా వేలి మీది మట్టి కేసే చూస్తూ అడిగారు.

"అయితే మా అమ్మాయికి తెలిసే నా దగ్గర దాచిందంటారా? లేపోతే దాన్నే ఎవరో మోసం చేసేరంటారా?"

"రెండింట్లో ఏదో ఒకటండి" అన్నాను.

నా నోటితో నేనే అన్నాను. ఎవరూ అనిపించలేదు. మావాళ్ళ ఇంటి అరుగు మీదైతే చెప్పు కింద మట్టి తీసి ఉండేదాన్నా? ఆ ఇంటి గోడ మీద సిలువ, ఆయన మరీ వంగి వంగి పెట్టిన ఆ అండీలు, ఇవన్నీ చూసే నా వేలికి అంత ధైర్యం వచ్చిందా? ఆ ప్రశ్న నన్ను నేను వేసుకున్నాను. జవాబు నాకు నచ్చలేదు.

ఆయన ధర ఎంత తగ్గించారంటే శ్రీను నోరు తెరిచాడు. బయటికి రాగానే "నువ్వు మామూలు దానివి కాదక్కా" అన్నాడు. మట్టి సంగతి వాడికి చెప్పలేదు.

నాలుగు రోజుల తరవాత కాగితాల పని ముగించుకుని కారు తెచ్చుకున్నాం. సాయంత్రం నాలుగు, మంచి ఎండ. వారం రోజులుగా చినుకు లేదు. నేను ఎడమ సీట్లో కూర్చున్నాను. బోడసకుర్రు వంతెన దిగుతుంటే అరికాళ్ళకి చల్లగా తగిలింది. వంగి చూస్తే చెప్పులు నీళ్ళల్లో ఉన్నాయి. చీర కుచ్చిళ్ళు బెత్తెడు తడిశాయి. శ్రీను కారు పక్కకి ఆపి, చెయ్యి పెట్టి చూశాడు. వాడి వేళ్ళకి నల్లటి ఒండ్రు అంటింది.

"అమ్మో, నువ్వన్నదే నిజమక్కా!" అన్నాడు వాడు, బాధ కన్నా మెచ్చుకోలే ఎక్కువ ఆ గొంతులో.

నేను చీర కుచ్చిళ్ళు పిండుకున్నాను.

మర్నాడు మెకానిక్ సత్తిబాబు దగ్గరికి తీసుకెళ్ళాం. మా నాన్నగారి టైము నుంచీ తెలిసినవాడు. సీట్లు విప్పాడు, తివాచీ లేపాడు. ఏసీ నీళ్ళు పోయే గొట్టం శుభ్రంగా ఉంది. అడుగున చిల్లు లేదు. బోల్టులన్నీ మెరుస్తున్నాయి. నేను కాళ్ళు పెట్టిన చోట తివాచీ పిండితే నీళ్ళు కారుతున్నాయి, దానికి రెండు వేళ్ళ దూరంలో పొడిగా ఉంది.

"ఈ బండి ఎప్పుడూ ములగలేదండమ్మగారూ. కావాలంటే రాసిస్తాను" అన్నాడు. తివాచీ కేసి చూసి మళ్ళీ అన్నాడు. "కానీ ఇవెక్కడి నీళ్ళో నన్నడక్కండి."

పిండిన నీళ్ళు సీసాలో పట్టుకుని ఇంటికెళ్ళి, స్టీలు గిన్నెలో మరిగించాను. ఏసీ నీళ్ళైతే అడుగున ఏమీ మిగలకూడదు. గిన్నెలో మట్టి మిగిలింది, అంచు చుట్టూ ఉప్పు తెల్లగా కట్టింది. నాలిక మీద వేసుకుని చూశాను. ఉప్పే.

తివాచీ ఎండబెట్టి మళ్ళీ వేశారు. శ్రీను భార్య అదే సీట్లో రాజమండ్రి వెళ్ళి వచ్చింది, పొడిగా ఉంది. నేను బస్టాండు దాకా వెళ్ళాను, తడిసింది. ఇంకోసారి చెప్పులు విప్పేసి, కాళ్ళు తుడుచుకుని, కింద పేపరు పరుచుకుని కూర్చున్నాను. తడి పేపరు అంచుల నుంచి రాలేదు. సరిగ్గా నా పాదాలున్న చోట మొదలై చుట్టూ పాకింది. ఆగి ఉన్న కారులో, ఇంజను కూడా వేయకుండా, పట్టపగలు. ఆ తరవాత నేను అందులో ఎక్కలేదు.

ఈలోగా శ్రీను ఊరంతా టముకు వేశాడు. మా అక్క చెప్పిందే నిజమైంది, కారులో నీళ్ళొస్తున్నాయి అని.

నాకు నిద్ర పట్టింది కానీ అన్నం సయించలేదు. రెండు వారాలకి ఒక ఆదివారం ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి మాస్టారి ఇంటికెళ్ళాను. ఆయన అప్పుడే చర్చి నుంచి వచ్చారు. నేను నోరు విప్పేలోపే చేతులు జోడించారు.

"విన్నానండి. బండిలో నీళ్ళొచ్చేయట కదా. మీరన్నదే నిజమైందండి. శ్రీనుబాబుగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి. నాకు తెలిసుంటే అసలు అమ్మేవాణ్ణి కాదండి."

చెప్పేశాను. ఆయన మొహంలోకి చూస్తూనే చెప్పాను. ఆ మట్టి సీటు కింద దొరకలేదు, నా చెప్పు అడుగుది. మీ అమ్మాయి మోసపోలేదు, మిమ్మల్ని మోసం చెయ్యలేదు. బండి మునగలేదని మెకానిక్ రాసిచ్చిన కాగితం ఇదిగో. తగ్గించిన డబ్బు శ్రీనుతో తిరిగి ఇప్పిస్తాను. అన్నీ చెప్పాను.

ఆయన కాగితం అందుకుని చదివారు. మడిచి నా చేతిలోనే పెట్టారు.

"మీరెంత మంచివారండీ" అన్నారు.

"నేను మంచిదాన్ని కాదు మాస్టారూ, వినండి."

"నేను బాధపడుతున్నానని ఎవరో చెప్పుంటారు. అందుకని ఇంత దూరం వచ్చి, ఆ తప్పు మీ మీద వేసుకుంటున్నారు. ఏ చదువుకున్నావిడ చెప్పు కింద మట్టి తీసి అలా చేస్తుందండీ? బండి ములగపోతే మరి నీళ్ళెక్కణ్ణించి వచ్చేయండి?"

నేను కూర్చుంటేనే వస్తున్నాయి అని చెప్పబోయాను. ఆ మాట నా చెవికే పిచ్చిదానిలా వినిపించింది. అయినా చెప్పాను. ఆయన నా కేసి ఎంతో జాలిగా చూశారు.

"ఏం బెంగ పెట్టుకోకండి" అన్నారు. "మొదట్లో కష్టంగానే ఉందండి, అది నాతో అబద్ధం చెప్పిందంటే. పోయిన వారం ప్రార్థనలో దాన్ని క్షమించేశానండి. ఇప్పుడు తేలిగ్గా ఉంది."

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. చెయ్యని తప్పుకి, పోయాక, కన్నతండ్రి క్షమ పొందింది. నేను కాఫీ తాగి వచ్చేశాను. గేటు దాకా వచ్చి ఆటో ఎక్కించారు.

తరవాత రెండుసార్లు వెళ్ళాను. మట్టి సంగతి శ్రీనుకి చెప్పేసి, వాడి చేత కూడా చెప్పించాను. వాడు చెబుతూ చెబుతూ, "అయినా నీళ్ళు మాత్రం నిజవేనండి" అన్నాడు. ఎంత మొత్తుకున్నా మాస్టారు తగ్గించిన డబ్బు పుచ్చుకోలేదు. కారు శ్రీను దగ్గరే ఉంది, బాగా నడుస్తోంది, నేను ఎక్కడం మానేశాక వాడికి మళ్ళీ ఒక్క చుక్క కనబడలేదు. ఆ నీళ్ళేమిటో నాకు ఈ రోజుకీ తెలియదు. నన్ను శిక్షించడానికే అయితే, నా అబద్ధాన్ని నిజం చేసి ఊరుకోవడమేమిటో అంతకన్నా తెలియదు. నాకు కావలసింది అది కూడా కాదు. ఒక్క గోరంత మట్టి చూపిస్తే నమ్మిన మనిషికి, ఆయన కూతురు నిజమే చెప్పిందని నమ్మించడానికి నేనింకేం చూపించాలి?