ఉచ్చీరప్ప గమ్మునైన ఏడు

మా ఆయన ఉచ్చీరప్పకు కోపం ఎక్కువని కైరుప్పలలో ఎవర్ని అడిగినా సెప్తారు. ఎద్దు మొండికేస్తే ముల్లుకర్ర ఇరిగేదాకా బాదేవాడు. సంగటిలో ఉప్పు తక్కువైతే తట్ట పోయి వాకిట్లో పడేది. నేనేమన్నా తక్కువ తిన్నానా? తట్ట పడిన సప్పుడుకు నా నోరు లేసేది. దావన పోయేవాళ్లు "హులిగమ్మ మొగుడు అన్నం తింటాండాడు పదండి" అని నగుకుంటా పోతాండ్రి.

ఆ కోపాలన్నీ వచ్చేవి, పోయేవి. నేను భయపడింది ఒక్క కోపానికే. అది లక్ష్మప్ప మీది కోపం.

లక్ష్మప్ప మాకు దాయాది, మా ఆయనకు పెదనాయన కొడుకు. రెండిండ్లకూ మధ్యన ఒకటే గోడ. పెద్ద కరువొచ్చిన ఏడు నేను ఆస్పరి అవతల కరువుపనికి పోయి, కంకర కొడతా ఆడ్నే గుడిసేసుకుని ఉంటి. ఈడ ఊర్లో మా బిడ్డ మారెమ్మకు పాము కరిసింది. ఐదారేండ్ల పిల్ల. మా ఆయన లక్ష్మప్ప ఇంటికి ఉరికి, ఆదోని ఆసుపత్రికి పోవల్ల బండి కట్టన్నా అని కాళ్ల మీద పడినాడంట. ఎద్దులు ఇంట్లో లేవు, మట్టి తోలే పనికి పోయినాయి అన్నాడంట లక్ష్మప్ప. బిడ్డను భుజానేసుకుని నడిసినాడు. ఆస్పరి చేరకముందే, ఆ భుజం మీదనే పోయింది పిల్ల. నాకు కబురంది ఉరికేసరికి మొగం మీద గుడ్డ కప్పేసినారు.

ఎద్దులు ఆ పొద్దు కొట్టంలోనే ఉండెనని మా ఆయన అనుమానం. సూసినోళ్లు లేరు. కరువుకు ఊరంతా ఖాళీ, మంచం పట్టిన ముసలోళ్లు తప్ప ఎవరుండ్రి? అయినా అనుమానం పెనుభూతం అంటారు గదా. ఆ భూతం మా ఇంట్లో మాతోపాటే కూడు తినె. పొద్దున లేస్తానే లక్ష్మప్ప వాకిలి ముందర నిలబడి తిట్టనిది మా ఆయన పండ్లు తోముకునేవాడు కాదు. ఏదో ఒక పొద్దు వాన్ని నరుకుతాడు, జైలుకు పోతాడు, బిడ్డా లేక మొగుడూ లేక నేనొక్కదాన్నే ఆ గోడను సూసుకుంటా కూచోవల్ల. నా భయమంతా అదే.

ఆరేండ్లు అట్ల గడిసె. సేన్లో పని లేనప్పుడు మా ఆయన ఆదోనికి పోయి పత్తిమిల్లులో హమాలీగా బోరాలు, మూటలు మోసేవాడు. ఆ ఏడు ఒక మార్వాడీ సేటు ధర్మశాలలో పది దినాలు ఏదో కార్యం పెట్టించి, నీళ్లు మోసేదానికి మా ఆయనను పిలిసినాడు. పోయినోడు పోయినట్టే, ఇంటిదావ పట్టలేదు. మా ఊరి సుంకప్ప ఆదోని నుంచి వచ్చి, "అక్కా, ఉచ్చీరన్న నీళ్లు మోసేది ఇడిసిపెట్టినాడు. సేట్ల నడుమ కండ్లు మూసుకొని కూచున్నాడు. పలకరించినా పలకడు" అన్నాడు.

నాకు మొదట ఆడదాని మీదనే అనుమానం. మొగోడు ఇంటికి రాలేదంటే ఇంగేముంటాది? సీర కొంగు బిగించి బస్సెక్కినా. బస్సులోనే తిట్లన్నీ వరసబెట్టి పెట్టుకున్నా. తీరా ఆడికి పోతే ధర్మశాల కావలివాడు లోపలికి ఇడవలేదు.

"లోపల మాట్లాడగూడదమ్మా. పది దినాలు ఎవరూ నోరు ఇప్పరు."

"నేను మాట్లాడను, తంతాను. పక్కకు జరుగు."

వాడు జరగలేదు. కిటికీ కాడికి పోయి తొంగి సూస్తి. సేట్లు, గుమాస్తాలు, వాళ్ల మధ్యన మా ఆయన, అందరూ బాసింపట్లు వేసుకుని కండ్లు మూసుకున్నారు. ఆడోళ్లు దూరంగా ఇంకో పక్క కూచున్నారు. ఒక్కరూ కదల్లేదు. ఆడదాని అనుమానం ఆడ్నే సచ్చె. దాని జాగాలో ఇంకోటి పుట్టె. దేవుని పటం లేదు, దీపం లేదు, గంట లేదు. ఇదేం పూజ?

"పూజ కాదమ్మా, బుద్ధుడు సెప్పిన పద్ధతి. ఊపిరి సూసుకుంటారు" అన్నాడు కావలివాడు.

"ఊపిరి సూసేదానికి ఆదోని దాకా రావల్లనా? మా ఎనుము కూడా ఇడుస్తాది ఊపిరి."

వాడు నగె గానీ నాకు నగు రాలేదు. సేట్లు ఊరికే ఎవరికన్నా కూడు పెడతారా? హమాలీల కోపం తీసేస్తే రేపు కూలి పెంచమని అడిగేవాడు ఉండడు, ఇదంతా ఆ మతలబే అనుకుంటి. పది దినాలైనాక మా ఆయన ఇంటికొస్తే అదే అన్నా. ముందైతే తట్ట ఎగిరేది. ఆయప్ప తలకాయ ఊపి, "ఉండొచ్చు. సేటు మనసులో ఏముందో నాకేం తెల్సు? నీళ్లబండి తోలేవాన్ని నేను కొట్టబోతాంటే సూసినాడు. కూచోని సూడు, నచ్చకుంటే లేసిపో అన్నాడు. కూచున్నా" అన్నాడు.

"కూచుంటే ఏమొచ్చె?"

"మూడు దినాలు మోకాళ్ల నొప్పి తప్ప ఏమీ రాలేదు. మల్ల కోపం వచ్చె. కోపం యాడ పుడతాదో తెల్సామ్మే నీకు? దవడ కాడ పుడతాది. ఆడ్నుంచి ఎదలోకి దిగుతాది, మంటగా. దాన్ని తోయగూడదు, దాని ఎంబడి పోగూడదు. ఉండాది అని సూస్తా ఉండల్ల. సూడంగా సూడంగా అది పలసబడి, దాని కింద ఇంకేదో కనపడతాది."

"ఏం కనపడతాది?"

ఆయప్ప లేసి ఎద్దులకు నీళ్లు పెట్టేదానికి పోయినాడు. ఆ లేసిపోయిన తీరు నాకు నచ్చలేదు. నా మొగుడు మాట మింగడం నేను సూసింది లేదు.

ఆ మరుసటి పొద్దు నుంచి కోడి కూయకముందే కొట్టం పక్కన గోనెసంచి పరుసుకుని కూచునేవాడు. లక్ష్మప్ప వాకిట్లో తిట్లు లేవు. సంగటిలో ఉప్పు లేకుంటే అడిగి ఏసుకునేవాడు. రెండు దినాలు బాగుందిలే అనుకున్నా. మూడో దినానికి నాకు అనుమానం పట్టుకునె. అరిసే కుక్క కరవదంటారు. మరి అరవడం మానేసిన కుక్క?

ఊరికీ అదే అనుమానం. "ఉచ్చీరప్ప గమ్మునైపోయినాడు, సూసినారా" అని రచ్చకట్ట మీద గుసగుసలు. ఒకడు మందు పెట్టినారన్నాడు, ఒకడు మతం మార్సినారన్నాడు. ఒక ముసలాయన మాత్రం, "ఏం లేదప్పా, నిర్ణయం సేసుకున్నాడు. సేసుకున్నోనికి ఇంగ అరిసే పనేముంది?" అన్నాడంట. ఆ మాట నా సెవిన పడినాక నాకు నిద్దర లేదు. కొడవలి, గొడ్డలి రెండూ తీసి జొన్నల గాదెలో పూడ్సినా. పొద్దున మా ఆయన ఇల్లంతా ఎతికి, "కొడవలి యాడమ్మే?" అన్నాడు.

"ఎందుకు?"

"ఎద్దులకు సొప్ప కోయొద్దా?"

"సేత్తో పీక్కో."

నన్నొకసారి తేరిపార సూసి, నిజంగానే సేత్తో పీకబోయినాడు. సూడండి, నోరెత్తలేదు. అప్పుడు నాకు ఇంకా భయమాయె.

లక్ష్మప్ప సంగతైతే సెప్పేపనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే వాకిట్లో పండుకోవడం మానేసి లోపల గొళ్లెం పెట్టుకునేవాడు. వాని పెండ్లాం ఉరుకుందమ్మ ఆరేండ్ల తర్వాత మొదటిసారి మా గడప కాడికొచ్చి నిలబడె. "హులిగీ, మీ ఆయన కండ్లు మూసుకుని మా ఆయన పేరు జపిస్తాండాడంట గదా, సేతబడి సేస్తాండాడంట గదా, నిజమేనా?" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడిసె. నీ మొగుడు ఎద్దులు దాసిన పొద్దు ఈ ఏడుపు యాడికి పోయె అని నోటిదాకా వచ్చింది. కానీ ఆమె భయం, నా భయం ఒకటే గదా. "నాకు తెలియదు పోక్కా" అని తలుపేసినా.

అట్లుండగా ఉగాది వచ్చె. ఉగాది మరుసటి దినం మా ఊర్లో పిడకల సమరం. ఊరు రెండు పక్కలై ఎండు పిడకలతో కొట్టుకుంటారు. దెబ్బ తగిలినచోట ఇబూది పూసుకుని ఇంటికి పోతారు, ఎవరూ మనసులో పెట్టుకోరు. ఏడాది పొడుగునా దాసుకున్న కచ్చనంతా ఆ పొద్దు పిడకలో పెట్టి ఇసిరేయల్ల, ఇంటికి ఎత్తుకపోగూడదు అనేవాడు మా మామ. అందుకే మాలో పిడక ఇసిరేవాన్ని సూసి భయపడరు. ఇసరకుండా నిలబడినోన్ని సూసి భయపడతారు. వాడు దేన్నో మిగిలించుకుంటాండాడని.

ఎప్పట్నుంచో మా ఆయనది ఒక పక్క, లక్ష్మప్పది ఇంకో పక్క. ఆ కరువు తర్వాత ప్రతి ఏడూ మా ఆయన లక్ష్మప్పనే ఏరి కొట్టేవాడు. ఈసారి కూడా కొట్టల్ల తల్లీ, తలకాయ పగిలేటట్టు కొట్టల్ల అని కాళమ్మకు మొక్కుకుని మిద్దెక్కినా. కొడితే ఆ కచ్చ అంతటితో తీరిపోతాదని నా ఆశ.

డప్పులు మోగినాయి. పిడకలు లేసినాయి. దుమ్ములో మనిషికి మనిషి కనపడలేదు. కొంచెం దుమ్ము పలసనైనాక సూస్తే మా ఆయన వరసలో ముందర నిలబడి ఉన్నాడు. సేతులు కిందికి యాలాడుతాండాయి. ఒక పిడక భుజానికి తగిలె, ఒకటి నుదుటికి తగిలి నెత్తురొచ్చె. వంగలేదు, పిడక తీసుకోలేదు. ఎదురుగా లక్ష్మప్ప పిడక ఎత్తి, ఇసరలేక, ఎత్తిన సెయ్యి ఎత్తినట్టే నిలబడిపోయినాడు. వాళ్లను సూసి పక్కనోళ్లు ఆగినారు. నేను మిద్దె దిగి ఉరికినా. మొలలో యాడ కత్తి దాసినాడో, అదే నా మనసులో.

లక్ష్మప్ప సేతిలో పిడక పారేసి మా ఆయన ముందరికొచ్చి నిలబడె.

"కొట్టరా ఉచ్చీరా! ఈడ్నే, అందరి ముందర కొట్టు! ఇట్ల గమ్మునుండి నన్ను సంపొద్దు! ఔ, ఎద్దులు కొట్టంలోనే ఉండె. అబద్దం సెప్పినా. గడ్డి లేక లేవలేకుండా పడుండె, ఆదోని దాకా తోల్తే దావలోనే పడి సస్తాయని భయపడితి. ఎద్దుల కోసం నీ బిడ్డను సంపుకుంటినిరా. కొట్టు, కొట్టి తీర్సుకో!"

మా ఆయన దవడ అదురుతాండాది. పిడికిళ్లు బిగిసె, మల్ల సడలె. కండ్లు మూసుకుంటాడేమో అనుకున్నా. మూసుకోలే.

"నీ ఎద్దులు వచ్చినా బిడ్డ దక్కేది కాదన్నా" అన్నాడు. "పొద్దు పొడిసేటప్పుడు కరిసింది. నేను నీ తలుపు కొట్టింది మిట్టమధ్యాన్నం. అంతసేపూ మంత్రమేసే తిమ్మప్ప వాకిట్లో కూచుంటి. ఇసం దిగుతాండాది ఉండప్పా అంటే నమ్మితి. అమ్మ కాడికి పోదాం నాయనా అని బిడ్డ అడిగె. గమ్మునుండు అని గదిమినా. ఆ మాట నా సెవిలో పడకుండా ఉండల్లని ఆరేండ్లు నిన్ను తిట్టినా. కూచుంటే ఇదే కనపడె."

తిమ్మప్ప సచ్చి నాలుగేండ్లు. ఈ సంగతి తెల్సినోడు భూమ్మీద మా ఆయన ఒక్కడే. ఆడదాని మీద అనుమానపడితి, సేటు మీద పడితి, కొడవలి మీద పడితి. పక్కన పండుకున్న మొగుడు నా బిడ్డ ఆఖరి మాట కడుపులో పెట్టుకుని ఉండాడని నాకు కలలో కూడా అనుమానం రాలేదు.

నేను వంగి పిడక తీసుకున్నా. లక్ష్మప్ప తల దించుకుని నిలబడె, వానికే అనుకున్నాడు. నేను మా ఆయనను కొట్టినా. ఎదకు తగిలె. ఇంకోటి తీసుకుని కొట్టినా. "నా కాడికి వస్తానన్నాదా? నా కాడికి వస్తానంటే గదిమినావా? నా బిడ్డ నన్ను అడిగిందని ఆరేండ్లు నాకు సెప్పలేదేమిరా పాపిష్టోడా!" సెయ్యి అందినకాడికి కొట్టినా. ఆయప్ప సెయ్యి అడ్డం పెట్టలేదు, ఒక అడుగు ఎనక్కి ఎయ్యలేదు. ఊర్లో ఒక్కరూ నన్ను పట్టుకోలేదు.

సేతులు పడిపోయినాక ఆ దుమ్ములోనే కూలబడి మారీ, మారీ అని ఏడిసినా. అంతకుముందు ఎన్నిసార్లు ఏడిసినా బిడ్డ పేరు ఎంబడే లక్ష్మప్పకు శాపం వచ్చేది నోట్లో నుంచి. ఆ పొద్దు బిడ్డ పేరు ఒక్కటే వచ్చింది. మా ఆయన నా పక్కన వచ్చి కూచొని, నా మీద సెయ్యేసే ధైర్యం లేక, కండ్లు తెరుసుకునే ఏడిసినాడు.